గడప దాటలేదు

మా ముత్తాతగారు పన్నెండు గ్రామాల ఎస్టేటుకు యజమాని. పెద్దాపురం నుంచి సామర్లకోట దాకా ఆయన బండి వస్తోందంటే మిగతా బండ్లు రోడ్డు దిగి నిలబడేవట. ఆయనకు ఏనుగు ఉండేది. మా తాతగారి నాటికి ఏనుగు పోయి మావటివాడు మిగిలాడు. ఏనుగు లేదని మావటివాడి జీతం ఆపడం మర్యాద కాదని, ఆ మనిషి పోయేదాకా తాతగారు ఇస్తూనే వచ్చారు. మా నాన్నగారి నాటికి మావటివాడూ పోయి ఏనుగు మెడలోని గంట మిగిలింది. నా నాటికి ఆ గంటను వేలాడదీసిన కొక్కెం మిగిలింది. మేడ సింహద్వారం పై చెక్కకు ఉండేది. వానాకాలంలో దానికి నేను గొడుగు తగిలించేవాణ్ణి.

ఇదంతా గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. గొప్పవాళ్ళ గురించి రాస్తే గొప్పగానే వస్తుంది, దానికి నేను చేయగలిగింది లేదు.

ఆ ముత్తాతగారే ఒక ధర్మం స్థాపించారు. కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేనివాళ్ళకు వైద్యం చేయించడం, భోజనం పెట్టడం, చేతనైన పని నేర్పడం దాని ఉద్దేశం. అది నడవడానికి పెద్దాపురంలో మరిడమ్మ జాతర జరిగే దారిలో ఒక వరస కొట్లూ, కాలవ గట్టున ఒక కొబ్బరితోటా రాసిచ్చారు. ఎస్టేటు పోయింది, పొలాలు పోయాయి, ఏనుగు సంగతి చెప్పాను. ధర్మం మాత్రం నిలిచింది, ఎందుకంటే దాన్ని ముట్టుకునే హక్కు మాకు లేదు. ఇప్పుడు జనం దాన్ని ట్రస్టు అంటారు. నేను ధర్మం అనే అంటాను.

మా నాన్నగారు చివరి రోజుల్లో మేడను కూడా ధర్మానికే రాసేశారు. పెరట్లో షెడ్లు వేసి ఫిజియోథెరపీ సెంటరు పెట్టారు. కాగితంలో నాన్నగారు రెండు షరతులు పెట్టారు. వంశంలో పెద్దవాడికి బతికినంత కాలం రెండు గదులు ఉండాలి. మేడ ధర్మానిదైనా సింహద్వారం మాత్రం వంశానిది. తలుపు తప్ప మిగతా ఇల్లంతా ఇచ్చేశారని ఊళ్ళో నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళు ఆ ద్వారం సరిగా చూసి ఉండరు. బర్మా టేకు, పైన రెండు సింహాలు, కింద ఒకే దుంగలోంచి తీసిన గడప. గడప ఎత్తు మూరకు కాస్త తక్కువ. ఎంతటివాడైనా లోపలికి రావాలంటే కాలు బాగా ఎత్తాలి, ఎత్తినప్పుడు తల దానంతట అదే వంగుతుంది. మావాళ్ళు కట్టడాల్లో కూడా మనుషుల్ని ఆలోచించేవారు.

నా రెండు గదులకు పెరటి వైపు వేరే తలుపు ఉంది. దానికి గడప లేదు. మామూలు రోజుల్లో అటు నుంచే తిరుగుతాను. ధర్మసభ జరిగే రోజున మాత్రం పెరటి తలుపులోంచి బయటికి వచ్చి, ఇంటిని సగం చుట్టి, వీధి వైపు నుంచి సింహద్వారం గుండా లోపలికి వెళ్ళేవాణ్ణి. సభ్యులు రావడానికి అరగంట ముందే వెళ్ళేవాణ్ణి. మూడేళ్ళుగా ఎడమ మోకాలు నా మాట వినడం మానేసింది. ద్వారబంధం పట్టుకుని కాలు ఎత్తడం, ఎత్తిన కాలిని అవతల పెట్టడం, రెండో కాలిని రమ్మని బతిమాలడం ఎవరూ చూడాల్సిన పని కాదు.

సభ మొదలవగానే ముత్తాతగారి దస్తావేజులోని ఒక వాక్యం వంశంలో పెద్దవాడు నిలబడి చదవడం ఆచారం. ముప్పై ఏళ్ళుగా నేనే చదువుతున్నాను. "మా సహోదరి గడప దాటలేదు గనుక ధర్మసభ యావత్తూ గడప లోపలనే జరుగవలెను. గడప లోపల కూర్చున్నవారే సభ్యులు." 'దాటలేదు' అన్నచోట నేను కాస్త ఆగేవాణ్ణి. అది ఆగాల్సిన చోటని మా నాన్నగారు నేర్పారు. ముత్తాతగారి చెల్లెలు పుట్టి బుద్ధెరిగాక వీధి మొహం చూడలేదన్నది మా ఇంట్లో పసివాళ్ళకు కూడా తెలుసు. పెళ్ళిళ్ళలో అవతలివాళ్ళు తమ బంగారం గురించి మొదలుపెడితే మావాళ్ళు ఈవిడ గురించి మొదలుపెట్టేవారు. ఆవిడను సూర్యుడు కూడా చూడలేదని మా పెద్దమ్మ అనేది. చూశాడు కానీ తలదించుకుని చూశాడని మా చిన్నత్త సవరించేది. అంత పరువు గల ఇల్లు గనుక సభ కూడా గడప లోపలే జరగాలని ముత్తాతగారు రాశారు. మేము అర్థం చేసుకున్నది అదే.

కిందటేడు మా సభ్యుల్లో ఒకరైన డాక్టరుగారు ఒక మాట అన్నారు. సెంటరులో వైద్యం చేయించుకున్న మనిషి ఒక్కరైనా సభలో ఉండాలన్నారు. నేను వెంటనే ఒప్పుకుని చిన్న ప్రసంగం కూడా చేశాను. అలా మా సెంటరు మేనేజరు సభ్యురాలైంది. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. వాళ్ళ నాన్న లూథరన్ చర్చి బడిలో మేష్టారు. చిన్నప్పుడే కాళ్ళు పడిపోతే మా షెడ్లలోనే కూర్చోవడం నేర్చుకుని, చక్రాల కుర్చీ తోలడం నేర్చుకుని, బీకాం చదివి, తిరిగి మా షెడ్లనే నడుపుతోంది. నన్ను సార్ అంటుంది. ఊళ్ళో అందరికీ నేను బాబుగారిని. ఈ అమ్మాయికి మాత్రం సార్‌ని. రెండుసార్లు సవరించి చూశాను. "అలాగేనండి సార్" అంది.

ప్రసంగం చేసిన రోజున గడప సంగతి నాకు గుర్తు రాలేదు. మొదటి సభ రోజున గుర్తొచ్చింది. ఆమె వేయించుకున్న వాలు దారి మీదుగా కుర్చీ అరుగు మీదకు చక్కగా వచ్చింది, గడప దగ్గర ఆగింది. వడ్రంగిని పిలిచి అటూ ఇటూ బల్లలు వేయించాం. ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి జారి మా మూడో సభ్యుడు వకీలుగారి కాలి మీద ఆగింది. గడపకు నేను రాయించే నూనె మంచిదనడానికి అదే సాక్ష్యం. ఆ ఎత్తుకు సరిపడా వాలు కావాలంటే బల్ల వీధి దాకా వేయాలని వడ్రంగి లెక్క చెప్పాడు. వకీలుగారు కాలు రుద్దుకుంటూ, నలుగురం పట్టుకుంటే కుర్చీతో సహా లోపల దించేస్తామన్నారు. మేనేజరు కుర్చీ చక్రాలు రెండూ గట్టిగా పట్టుకుంది.

"నేను మెంబర్నండి, ఉత్సవ విగ్రహాన్ని కాదు."

నా గదుల్లోంచి రావచ్చు కదా అని డాక్టరుగారు అన్నారు. సభ్యులు దొడ్డిదారిన రావడం మా ఇంట లేదని నేనూ, అటు నుంచి అయితే రానని ఆమే ఒకేసారి అన్నాం. అప్పుడు మొదటిసారి ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది. గౌరవం వేరు, దస్తావేజు వేరు. గడప బయట కూర్చుంది గనుక ఆ రోజు ఆమెను సందర్శకురాలిగా రాయించాను. ఆ తరవాత రెండు సభలూ అలాగే జరిగాయి. ఆమె అరుగు మీద, మేం లోపల. ఆమె ఏదన్నా చెప్తే వినేవాళ్ళం, ఓటు మాత్రం లెక్కలోకి రాదు.

ఇంతలో సెంటరు వ్యాను పాడైపోయింది. ఊళ్ళ వెంట తిరిగి పిల్లల్ని వ్యాయామానికి తెచ్చి దింపే బండి అది. సామర్లకోట కాలవ పక్కన ఆగిపోయి మళ్ళీ లేవలేదు. మెకానిక్ దాని చుట్టూ ఒకసారి తిరిగి చేతులు తుడుచుకున్నాడు. పిల్లలు రావడం ఆగిపోయింది. రోజూ కదిలించకపోతే వాళ్ళ కీళ్ళు బిగుసుకుపోతాయని డాక్టరుగారు దిగులు పడ్డారు. వెంటనే సభ పిలిచాం. పెద్దాపురం కొట్ల వరసకు మంచి బేరం వచ్చిందని, అమ్మేస్తే వ్యాను ఈ నెలలోనే వస్తుందని, కోర్టు అనుమతి సంగతి తను చూసుకుంటానని వకీలుగారు చెప్పారు. డాక్టరుగారు పిల్లల కోసం సరేనన్నారు.

మేనేజరు అరుగు మీద నుంచి ఒక కాగితం లోపలికి అందించింది. ధర్మం ఆస్తులన్నీ రెండు వరసలుగా రాసింది. ఒక వరస పేరు 'తెచ్చేవి', రెండోది 'తినేవి'. తెచ్చేవాటిలో కొట్లు, కొబ్బరితోట. థెరపిస్టు జీతమూ, మధ్యాహ్నం భోజనమూ, పిల్లల కాళ్ళకు కట్టే పరికరాలూ అన్నీ ఆ కొట్ల అద్దెల మీదే నడుస్తున్నాయి. ఆషాఢంలో జాతర నెల వచ్చిందంటే గాజులవాళ్ళూ బొమ్మలవాళ్ళూ ఆ అరుగుల కోసం పోటీ పడతారు. తినేవాటిలో షెడ్ల మరమ్మతులు, కరెంటు, ఆ కింద 'సింహద్వారం: నూనె, చెదల మందు, పాలిష్', దాని కింద 'రెండు గదులు (సార్)'. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. అలాగే ఉంది.

"కొట్లు అమ్మితే బండి వస్తుందండి," అంది బయట నుంచి. "ఆ బండెక్కి వచ్చిన పిల్లల్ని చూడటానికి రెండేళ్ళ తరవాత ఇక్కడ ఎవరుంటారండి?"

వకీలుగారు ఓటు పెట్టమన్నారు. అమ్మడానికి ఇద్దరు చేతులెత్తారు. వద్దని నేను ఎత్తాను. గడప అవతల నాలుగో చెయ్యి లేచింది. సమానమైతే అధ్యక్షుడిగా నా మాటే చెల్లుతుంది, కొట్లు నిలుస్తాయి. వకీలుగారు ఆ చేతి వైపు చూసి, నా వైపు చూసి, "బయట చెయ్యి లెక్కలోకి రాదని బాబుగారే రాయించారు కదండీ" అన్నారు. నిజమే, నేనే రాయించాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు. వర్జ్యం వచ్చిందని సభ వారం వాయిదా వేశాను. వకీలుగారు ఫోన్‌లో పంచాంగం చూడబోయారు. ఫోన్ పంచాంగాలు మా ఇంట్లో నమ్మమని చెప్పాను.

అందరూ వెళ్ళాక ఆమె వెళ్ళలేదు. దస్తావేజు ఒకసారి చూపిస్తారా అని అడిగింది. ఆ కాగితం ఎవరి చేతికీ ఇవ్వను. ఆ రోజు తినేవాటి వరసలో ఉన్నవాణ్ణి గనుక ఎక్కువ మాట్లాడకుండా గడప మీదుగా అందించాను. చాలాసేపు చదివింది. ఒక చోట వేలు పెట్టి తలెత్తింది.

"సార్, ఇది ఏ దాటలేదండి?"

ప్రశ్న అర్థం కాలేదన్నాను.

"ఇష్టం లేక దాటలేదా, కాళ్ళు రాక దాటలేదా అని అడుగుతున్నానండి. మా అమ్మ కూడా నా గురించి అలాగే చెప్పేదండి. మా పిల్ల గడప దాటలేదు, మీరే లోపలికి రండి అని. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్ళేవారు."

మా వంశం సంగతి నీకు తెలియదమ్మా అని మొదలుపెట్టి, సూర్యుడు, తలదించుకోవడం అన్నీ వివరంగా చెప్పాను. శ్రద్ధగా వింది.

"పరువు గురించి రాస్తే తరవాత 'గనుక' ఎందుకండి? కాళ్ళూ చేతులూ లేనివాళ్ళకి ధర్మం పెడుతూ, మధ్యలో చెల్లెలి పరువు ఎందుకు రాస్తారండి ఆయన?"

ముప్పై ఏళ్ళుగా ఆ వాక్యం నిలబడి చదివాను. 'దాటలేదు' దగ్గర ఆగడం మీద ఉన్న శ్రద్ధ 'గనుక' మీద ఎప్పుడూ పెట్టలేదు. అయినా ఒక్క మాట పట్టుకుని వంశచరిత్ర మార్చడం కుదరదన్నాను. అప్పుడామె నేల వైపు చూపించింది. మా హాల్లో నాపరాళ్ళ మీద రెండు సన్నని గీతలు, రైలు పట్టాల్లా పక్కపక్కనే, లోపలి గది నుంచి గడప దాకా ఉంటాయి. ఎస్టేటు రోజుల్లో ఇనప్పెట్టెను ఈడ్చిన గుర్తులవి. అంత బరువైన ఇనప్పెట్టె అని చెప్పి చిన్నప్పుడు నేనే ఎంతమందికో చూపించాను.

"ఆ ఇనప్పెట్టెకి చక్రాలుండేవా అండి?" అని అడిగింది. "నాలుగు సభల నుంచి ఇక్కడ కూర్చుని చూస్తున్నానండి. ఇంకేం తెలియకపోయినా చక్రం గీత నాకు తెలుస్తుంది. గడప దాకా వచ్చి వంపు తిరిగి వెనక్కి పోతున్నాయి చూడండి. ఇనప్పెట్టె అయితే బయటికి పోవాలి కదండీ."

అప్పుడు నాకు అటక మీది అత్తమ్మ బండి గుర్తొచ్చింది. నాలుగు చిన్న కొయ్య చక్రాల మీద ఒక బల్ల. దాని మీద కూర్చుని పిన్ని కూతుళ్ళతో హాలంతా తిరిగేవాణ్ణి. ముత్తాతగారి చెల్లెలిని ఇంట్లో అత్తమ్మ అనేవారు. ఆవిడ ఆ బండి మీద ఆవకాయ జాడీలు తోలించేదని మాకు చెప్పారు. జమీందారీ ఇళ్ళలో జాడీలకు కూడా వాహనాలుంటాయని నేను నమ్మాను.

సెంటరు వంటావిడ అటక ఎక్కి బండి దించింది. మేనేజరు తన కుర్చీ సంచిలోంచి కొలత టేపు తీసి గడప మీదుగా విసిరింది. పిల్లల కాళ్ళు కొలిచే టేపు అది, ఎప్పుడూ దగ్గరే ఉంటుంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని ముందు గీతల మధ్య ఎడం కొలిచాను. తరవాత చక్రాల మధ్య ఎడం కొలిచాను. ఒక్క నూలుపోగు తేడా లేదు. రెండోసారి కూడా కొలిచాను, ఎందుకంటే నాకు ఇంకేం చేయాలో తెలియలేదు.

ఆ తరవాత లేవబోతే మోకాలు లేవనంది. వంటావిడ అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల నేను లేవలేను, బయట ఆమె రాలేదు. పిలిస్తే ఎవరో ఒకరు వచ్చేవారు. ఇద్దరిలో ఎవరమూ పిలవలేదు. ముత్తాతగారి చెల్లెలు ఈ గీతల మీదుగా రోజూ గడప దాకా వచ్చి, వీధి ఎంత కనబడితే అంత చూసి, వెనక్కి తిరిగేదేమో. అన్నగారు ధర్మం పెట్టి, సభ చెల్లెలి దగ్గరకు రావాలని రాసి ఉంటారు. ఎవరినీ రాకుండా ఆపమని కాదు. ఆ చెల్లెలి వాక్యమే చదివి నేను ఒక ఆడపిల్లను నాలుగుసార్లు బయట కూర్చోబెట్టాను.

"గడప కోయించేద్దామా అండి సార్?" అంది చివరికి, మెల్లగా. "మీరైనా ఎన్నాళ్ళని ద్వారబంధం పట్టుకుని ఎత్తుతారండి ఆ కాలు."

అరగంట ముందు వచ్చే జాగ్రత్త మూడేళ్ళు తీసుకున్నాను. ఆమె అంతకన్నా ముందే సెంటరుకు వస్తుందన్న సంగతి మరిచిపోయాను.

మర్నాడు వడ్రంగి చూసి, గడపా ద్వారబంధమూ ఒకదాంట్లో ఒకటి దిగి ఉన్నాయని, గడప కోస్తే పైనున్న సింహాలు కూడా విలువ లేనివైపోతాయని చెప్పాడు. ఉంచితే మొత్తం ఉంచాలి, తీస్తే మొత్తం తీయాలి. అది ధర్మానిది కాదు, కోర్టు అనుమతి అక్కర్లేదు. వంశానిది. వంశమంటే ఇప్పుడు నేనొక్కణ్ణే.

ఆర్నెల్ల కిందట రాజమండ్రి అవతల గోదావరి గట్టున హోటలు కడుతున్న ఒకాయన ఆ ద్వారం కోసం వచ్చాడు. కూర్చోమని కూడా అనకుండా పంపించేశాను. కాఫీ ఇచ్చినట్టు కూడా గుర్తులేదు. ఆయనకై ఆయన మళ్ళీ వస్తాడేమోనని రెండు రోజులు ఎదురుచూశాను. వచ్చే సూచన కనబడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, ఆరోగ్యం ఎలా ఉందని, హోటలు ఎంతవరకు వచ్చిందని, వానలు ఎలా పడుతున్నాయని అడిగాను. నాలుగో ప్రశ్న కోసం వెతుకుతుంటే, "ద్వారం ఇస్తారా అండి బాబుగారూ?" అని ఆయనే అడిగాడు. ఆలోచిస్తానన్నాను. అదే పూట మనుషుల్ని పంపాడు. వాళ్ళకు కాఫీ ఇచ్చాను.

వాయిదా పడ్డ సభ నాటికి ద్వారం లేదు. ఆ చోట నేలకు సమంగా సిమెంటు చేసి ఇనప గేటు పెట్టారు. ఆ రోజు నేను ఇల్లు చుట్టి రాలేదు, అరగంట ముందూ రాలేదు. మేనేజరు కుర్చీ హాల్లోకి వచ్చి, ఆ పాత గీతల పక్క నుంచే వెళ్ళి బల్ల దగ్గర ఆగింది. వకీలుగారు తన కాలు కాస్త వెనక్కి లాక్కున్నారు. నేను నిలబడి వాక్యం చదివాను. ఈసారి 'గనుక' దగ్గర ఆగాను. ఓటు పెట్టాల్సిన అవసరం రాలేదు. వ్యానుకు డబ్బు ఉందని తెలిశాక డాక్టరుగారే కొట్ల మాట వెనక్కి తీసుకున్నారు. అయినా ఓటు పెట్టించమని మేనేజరు అడిగింది. పెట్టించాను. నాలుగు చేతులు లేచాయి, నాలుగూ లెక్కలోకి వచ్చాయి.

కొత్త వ్యానుకు వెనక నుంచి కుర్చీలు ఎక్కే బల్ల ఉంది. దాని మీద వంశం పేరు రాయిస్తామని డాక్టరుగారు అన్నారు, నేను వద్దన్నాను. ఆయన ఇంకోసారి అడుగుతారనుకున్నాను. అడగలేదు. ఆ వారమే మేనేజరు ఆస్తుల కాగితం మళ్ళీ రాసి చూపించింది. తినేవాటిలో సింహద్వారం కొట్టేసి ఉంది. రెండు గదులు అలాగే ఉన్నాయి. గొడుగు ఇప్పుడు నా కుర్చీ వీపుకు తగిలిస్తున్నాను.

మా ముత్తాతగారి సింహద్వారాన్ని, గడపతోనూ కొక్కెంతోనూ కలిపి, ఆ హోటలు ఆయనకు అమ్మేశాను.